మొదటి గుడ్డు ట్రైలర్: కసీటానా, స్కాంపా, బోలరా?

పాత ఫైబర్‌గ్లాస్ క్యాంపర్ ట్రైలర్, అంటే కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు, కొందామని మొదటిసారి వెళ్ళినవాళ్ళ కళ్ళు ముందు దాని ఒంటి మీదకే పోతాయి. గుండ్రంగా, ముద్దుగా, పెద్ద గుడ్డుకు చక్రాలు తగిలించినట్టు ఉంటుంది. అమెరికాలో వీటిని గుడ్లు అనే పిలుస్తారు. రంగు మెరుస్తుంటే, కిటికీలకు పూల కర్టెన్లు కనిపిస్తే అక్కడే మనసు పారేసుకుంటాం. కానీ ఆ పెంకు 40, 50 ఏళ్ళయినా నిలుస్తుంది. పాడయ్యేవి వేరే ఉన్నాయి: నేల చెక్క, ఇనుప ఫ్రేము, ఆక్సిల్ (చక్రాల ఇరుసు). మన డబ్బు తినేవి కూడా అవే. అందుకే కసీటానా, స్కాంపా, బోలరా, ఏ కంపెనీది అన్న ప్రశ్న కంటే ఏ స్థితిలో ఉంది అన్న ప్రశ్న పెద్దది. దానికంటే ముందు మన కారు ఏది, అందులో ఎంతమంది ఎక్కుతారు అన్నది తేలాలి.

మేం డాలస్ దగ్గర ఉంటాం. ఇద్దరు పిల్లలు, ఒక టొయోటా సియన్నా మినీవ్యాన్. ఏడాదికో రెండేళ్ళకో అమ్మా నాన్నా గుంటూరు నుంచి వచ్చి ఆరు నెలలు ఉండి వెళ్తారు. ఎనిమిది నెలల పాటు శనివారాలు తిరిగి 11 ట్రైలర్లు చూశాం. చివరికి 1990లలో తయారైన 16 అడుగుల స్కాంప్ కొన్నాం. ఇంటి ముందు దాన్ని చూసినప్పటి నుంచి తెలిసినవాళ్ళు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. వాళ్ళకు విడివిడిగా చెప్పినవన్నీ ఒకచోట పెడుతున్నాను.

మామూలు ట్రైలర్ కాకుండా ఈ గుడ్డే ఎందుకంటే, కారణం దాన్ని చేసే పద్ధతిలో ఉంది. మామూలు ట్రైలర్‌కు సాధారణంగా చెక్క చట్రం కట్టి, దానిమీద రేకో పలుచటి పలకో బిగించి, పైకప్పుకు రబ్బరు పొర వేస్తారు. అతుకులు ఎక్కువ. ప్రతి అతుకూ వాననీటికి దారే. నీళ్ళు చెక్కలోకి దిగాక బయటికి కనిపించకుండానే గోడ కుళ్ళిపోతుంది. ఫైబర్‌గ్లాస్ గుడ్డును అచ్చులో పోస్తారు. ముందు జెల్‌కోట్ అనే రంగు పొర, దాని వెనక గాజు పీచు, గట్టిపడే జిగురులాంటి రెజిన్. కింది సగం ఒకటి, పై సగం ఒకటి చేసి, రెండు కొబ్బరి చిప్పలు కలిపినట్టు నడుము దగ్గర అతుకుతారు. గోడలో కుళ్ళడానికి చెక్క లేదు. కాకినాడ, విశాఖ తీరంలో చెక్క పడవల స్థానంలో ఫైబర్ పడవలు వచ్చాయి కదా, వాటి వెనక ఉన్న పద్ధతే ఇది. అందుకే 1970లలో చేసినవి కూడా ఇంకా రోడ్డు మీద ఉన్నాయి. పాతవైనా అంత తేలిగ్గా ధర పడిపోదు. కొన్నాక మీకు నచ్చకపోయినా, బాగా చూసుకుంటే పెట్టినదాంట్లో చాలావరకు తిరిగి వస్తుంది. మొదటిసారి కొనేవాళ్ళకు ఇది పెద్ద ధైర్యం.

ముందు కారు తలుపు తెరవండి

ట్రైలర్ ప్రకటనలు చూడటం మొదలుపెట్టక ముందే ఒక పని చేయండి. కారులో డ్రైవర్ తలుపు తెరిస్తే, తలుపు పడే చోట స్తంభం మీద టైర్ల గాలి వివరాలున్న ఒక స్టిక్కర్ ఉంటుంది. ఆ కారులో మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లు దాటకూడదో దానిమీదే రాసి ఉంటుంది. దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి.

చాలామంది కారు ఎంత లాగుతుందో ఒక్కటే చూస్తారు. సియన్నా 3,500 పౌండ్లు, ఒడిస్సీ కూడా 3,500, వీ6 ఇంజిన్ హైలాండర్ 5,000. పెట్రోలు సీఆర్‌వీ అయితే 1,500 మాత్రమే. ఈ అంకె చూసి 3,400 పౌండ్ల ట్రైలర్ కూడా సరిపోతుంది అనుకుంటారు. ఇబ్బంది వచ్చేది ఇంకో చోట. ట్రైలర్ ముక్కు మన కారు హిచ్ (వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద కొంత బరువు మోపుతుంది. బండి నిలకడగా వెనక రావాలంటే దాని మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఆ ముక్కు మీద ఉండాలి. తక్కువైతే హైవే మీద తోక ఊపుతుంది, అది నిజంగా ప్రమాదం. ఆ ముక్కు బరువు కూడా మనుషులతో, సామానుతో కలిపి స్టిక్కర్ లెక్కలోకే వస్తుంది.

మా సియన్నా స్టిక్కర్ మీద 1,300 చిల్లర ఉంది. మేం నలుగురం కలిపి 420 పౌండ్లు. కూలర్, బట్టలు, కుర్చీలు, బియ్యం, కుక్కర్ అన్నీ 200. ట్రైలర్ ముక్కు 280. మొత్తం 900, హాయిగా సరిపోయింది. అమ్మా నాన్నా ఎక్కితే ఇంకో 300, వాళ్ళ సామాను వేరే. అప్పుడు అంచుకు వచ్చేస్తుంది. అందుకే వాళ్ళు వచ్చినప్పుడు రెండో కారు కూడా తీస్తాం. ఈ లెక్క వేయకుండానే కసీటా 17 అడుగులది కొనేయబోయాం. అది సామాన్లూ నీళ్ళూ నింపుకుంటే 3,000 పౌండ్లు దాటుతుంది, ముక్కు బరువు 400 చుట్టుపక్కలకు వెళ్తుంది. మా సియన్నా హిచ్‌కు టొయోటా పెట్టిన హద్దు 350. బండి మంచిదే, మా కారుకు మాత్రం కాదు.

అమ్మేవాళ్ళు చెప్పే బరువు తరచుగా ఖాళీ బండిది, అదీ కాగితం మీది. బ్యాటరీ, గ్యాస్ సిలిండర్, ఏసీ, గొడుగులాంటి ఆనింగ్, అలమరాల్లో గిన్నెలు, ఇవన్నీ కలిస్తే 500 పౌండ్లు తేలిగ్గా పెరుగుతుంది. ట్రక్కులు ఆగే పెద్ద పెట్రోలు బంకుల్లో తూకం ఉంటుంది. కొనే ముందు ఒకసారి అక్కడ తూయిద్దామంటే మంచి అమ్మకందారు కాదనడు.

బ్రేకుల చట్టం రాష్ట్రానికొక రకం. టెక్సస్‌లో 4,500 పౌండ్లు దాటితేనే ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి, కాలిఫోర్నియాలో 1,500 నుంచే. చట్టం అడగకపోయినా మినీవ్యాన్‌తో లాగేవాళ్ళు బ్రేకులున్న ఆక్సిల్ చూసుకోవాలని నా గట్టి అభిప్రాయం. పిల్లలతో వాలు దిగుతున్నప్పుడు వెనకనుంచి 2,500 పౌండ్లు తోస్తుంటే ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. ట్రైలర్‌కు ఎలక్ట్రిక్ బ్రేకులు ఉంటే సరిపోదు, వాటిని నడిపే బ్రేక్ కంట్రోలర్ కూడా కారులో పెట్టించాలి. ఆ ఖర్చు ముందే కలుపుకోండి.

ఏది ఎవరికి

ఈ కథంతా బోలర్‌తో మొదలైంది. కెనడాలోని విన్నిపెగ్‌లో రే ఒలెక్కో 1968లో దీన్ని తెచ్చారు. అంతకుముందు ఆయన ఫైబర్‌గ్లాస్‌తో తేలికపాటి సెప్టిక్ ట్యాంకు చేశారు. అదే పదార్థంతో బండి ఎందుకు చేయకూడదు అన్న ఆలోచనే బోలర్ అయింది. పేరు గుండ్రటి బోలర్ టోపీ ఆకారం నుంచి వచ్చింది. మొదటి 13 అడుగుల బండి ఖాళీగా 1,000 పౌండ్ల లోపే ఉండేది. 1988 దాకా తయారయ్యాయి. చిన్న కారున్న జంటకు, లేదా ఒక చిన్న బిడ్డతో వెళ్ళేవాళ్ళకు ఇంతకంటే తేలికైనది దొరకడం కష్టం. మరుగుదొడ్డి ఉండదు, ఏసీ ఉండదు, సింకు నీళ్ళు బయట బకెట్‌లోకి పోతాయి. పాత ఫ్రేములు ముక్కు వంగే చోట పగలడం దీనికున్న పేరుమోసిన జబ్బు.

ట్రిలియం కూడా కెనడాదే, ఒంటారియో రాష్ట్ర పుష్పం పేరు పెట్టుకుంది. 13 అడుగుల 1300 మోడల్, కొంచెం పెద్దదైన 4500 ఎక్కువ కనిపిస్తాయి. పెద్ద కిటికీలు, మంచి వెలుతురు. బోలర్‌తో పోలిస్తే పనితనం నాకు ఇదే నచ్చింది. దీనికీ ఫ్రేము ముందుభాగం జాగ్రత్తగా చూడాలి. టెక్సస్ దాకా వచ్చినవి తక్కువ. కెనడా నుంచి తెచ్చుకుంటే, 25 ఏళ్ళు దాటిన బండ్లకు అమెరికా రవాణా భద్రతా నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. అయినా సరిహద్దులో కస్టమ్స్ కాగితాలు నింపాల్సిందే.

స్కాంప్ మూలం కూడా బోలరే. మిన్నెసోటాలోని బ్యాకస్ అనే చిన్న ఊళ్ళో ఈవ్‌లాండ్ కుటుంబం ముందు బోలర్ డిజైన్‌ను అమెరికాలో చేసి, తర్వాత 1970ల మొదట్లో స్కాంప్ పేరుతో సొంతంగా మొదలుపెట్టింది. ఇప్పటికీ అక్కడే చేస్తున్నారు. మొదటిసారి కొనేవాళ్ళకు దీనివల్ల ఎంత మేలో చెప్పలేను. కిటికీ రబ్బరు, తలుపు కబ్జా, పైకప్పు గాలి మూత, ఏది కావాలన్నా ఫ్యాక్టరీని అడిగితే విడిభాగాలు అమ్ముతారు. 13, 16 అడుగులవి మామూలు హిచ్‌తో వస్తాయి. 19 అడుగులది ఫిఫ్త్‌వీల్, అంటే ట్రక్కు తొట్టిలో తగిలించేది, దానికి పికప్ ట్రక్కు ఉండాలి. 13 అడుగుల దాంట్లో ముందువైపు అయితే బాత్‌రూమ్ ఉంటుంది, లేదంటే పిల్లలకు ఒకదానిమీద ఒకటి ఉండే బంకు పడకలు ఉంటాయి. రెండూ పట్టవు. 16 అడుగుల దాంట్లో పక్కన బాత్‌రూమ్ ఉన్న అమరిక వెతికితే ముందు బంకులూ, వెనక పెద్ద పడకా కూడా వస్తాయి. నలుగురి కుటుంబానికి, మినీవ్యాన్‌కు, ఈ అమరికను మించినది నాకు కనిపించలేదు. మేం ఆరు నెలలు దానికోసమే ఆగాం.

కసీటా అంటే స్పానిష్‌లో చిన్న ఇల్లు. డాలస్‌కు దక్షిణంగా ఐ-45 హైవే మీద ఒక గంట లోపు వెళ్తే వచ్చే రైస్ అనే ఊరి కంపెనీ, 1980లలో మొదలైంది. టెక్సస్‌లో ఉండేవాళ్ళకు వాడిన కసీటాలు అన్నిటికంటే తేలిగ్గా దొరుకుతాయి. 13, 16, 17 అడుగుల సైజులు చేశారు. పేరులో డీలక్స్ అని ఉంటే బాత్‌రూమ్ ఉన్నట్టు, స్టాండర్డ్ అంటే లేనట్టు. ఫ్రీడమ్ అనే అమరికలో తిరిగే కుర్చీలు రెండు ఉంటాయి, రిటైరైన దంపతులకు బాగుంటుంది. స్పిరిట్‌లో పక్కన చిన్న బల్ల పడకగా మారుతుంది, పిల్లలున్నవాళ్ళు అది చూడాలి. ఏసీ, మురుగునీటి ట్యాంకులు, వేడినీళ్ళు అన్నీ ఉండి ఇల్లులాగే అనిపిస్తుంది. మా అమ్మ లోపలికి ఎక్కి చూసి, స్కాంప్ కంటే ఇదే బాగుంది అంది. టొయోటా హైలాండరో హోండా పైలటో ఉంటే మేమూ అదే కొనేవాళ్ళం.

బర్రో గురించి తెలిసినవాళ్ళు తక్కువ. దీనికి లోపల ఒక పెంకు, బయట ఒక పెంకు, మధ్యలో వేడి చలి ఆపే పొర. లోపలి గోడ నున్నగా ఫైబర్‌గ్లాస్‌దే. తడిగుడ్డతో తుడిస్తే అయిపోతుంది. యూహాల్ కంపెనీ 1980ల మధ్యలో అద్దెకు ఇవ్వడానికి చేయించిన గుడ్లు కూడా అప్పుడప్పుడు అమ్మకానికి వస్తాయి. అద్దె బండ్లు కాబట్టి గట్టిగా కట్టారు, సైజుకు బరువు కొంచెం ఎక్కువ. బ్రిటిష్ కొలంబియాలో చేసే బిగ్‌ఫుట్ చలికాలానికి మంచిది కానీ పెద్దది, బరువైనది. మొదటి బండిగా నేను దాని జోలికి వెళ్ళమనను.

ఇక్కడ మన ఇళ్ళకు మాత్రమే ఉండే ఒక సంగతి చెప్పాలి. కసీటా గోడలకూ, చాలా స్కాంపుల గోడలకూ లోపల కార్పెట్‌లాంటి గుడ్డ అతికించి ఉంటుంది. పాత బోలర్, ట్రిలియం, తొలినాటి స్కాంపుల్లో వినైల్ పైపొర ఉన్న నురుగు ఉంటుంది. గుడ్డ గోడల మధ్య ఒక్కసారి ఇంగువ పోపు పెడితే ఆ వాసన నెలల తరబడి వదలదు, నూనె తుంపరలు పట్టి దుమ్ము అతుక్కుంటుంది. నురుగు గోడను తుడవొచ్చు, కానీ వయసైపోతే ఊడి వేలాడుతుంది, మళ్ళీ అతికించడం పెద్ద పని. లోపలే వంట చేయాలనుకునేవాళ్ళకు బర్రో మేలు. మేమైతే బయట రెండు బర్నర్ల స్టవ్ పెట్టుకుని, లోపల టీ, రైస్ కుక్కర్ వరకే ఉంచుకున్నాం. అమ్మకు అదే ఇష్టమైంది, చెట్టు కింద గాలికి కూర్చుని పులుసు కాచడం.

ఏసీ సంగతి కూడా టెక్సస్, అరిజోనా వాళ్ళకు చిన్నది కాదు. ఏసీ లేని బోలర్ కొని తర్వాత పెట్టించుకుందాం అనుకుంటే, పైకప్పు దాని బరువుకు తట్టుకునేలా లోపల ఆధారం కట్టించాలి. జూలైలో వాడాలంటే మొదటే ఏసీ ఉన్నది చూడండి.

ముస్తాబు చేసినదా, ఉన్నది ఉన్నట్టున్నదా, పాడుపడినదా

మోడల్ కంటే ఇది ఎక్కువ ఆలోచించాల్సిన ఎంపిక. అమ్మకానికి వచ్చేవి మూడు రకాలు. ఒకటి, కొత్త రంగు, కొత్త వినైల్ నేల, కొత్త దిండ్లతో ముస్తాబు చేసినది. రెండు, పాత సోఫా గుడ్డతో, పాత రంగుతో, ఏటా వాడుతూ వచ్చినది. మూడు, పెరట్లో ఏళ్ళ తరబడి పడి ఉన్నది, చవకగా వచ్చేది.

మేం చూసిన మొదటి బండి మొదటి రకం. 1970ల బోలర్. తెలుపు, లేత ఆకుపచ్చ రంగులు, లోపల తెల్ల చెక్క నమూనా వినైల్, చిన్న బల్బుల తోరణం. మా ఆవిడకు చూడగానే నచ్చేసింది. నేను వెనక సీటు కింది మూత తీసి, మూలలో బొటనవేలితో నొక్కాను. నేల మెత్తగా లోపలికి పోయింది. అమ్మేవాళ్ళను అడిగి సన్నని స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే పిడి దాకా దిగిపోయింది, లోపలినుంచి తడిసిన అట్టముక్కలాంటిది బయటికొచ్చింది. కుళ్ళిన చెక్క మీదే కొత్త వినైల్ పరిచారు. తలుపు వేసి చూస్తే కింది మూల రెండు వేళ్ళు పట్టేంత బయటికి నిలిచింది. లోపల చోటు ఎక్కువ కనిపించాలని బట్టల అలమర తీసేశారట. ఈ గుడ్లలో ఆ అలమర, వంటగది అడ్డుగోడ ఉత్త సామాన్లు కావు, పైకప్పును మోసే స్తంభాలు. అవి తీసేస్తే కప్పు కిందికి దిగుతుంది, పక్కలు వెడల్పవుతాయి, ఒంపు తిరిగిన తలుపు చట్రానికి సరిపోదు. కప్పు మీద నీళ్ళు నిలిచిన గుండ్రటి మరక కూడా కనిపించింది. ఆ ఇంట్లోవాళ్ళు మోసం చేయాలని చేశారనుకోను, తెలియక చేసుంటారు. కానీ వాళ్ళు అడిగిన ధర ఆ రంగుది, కొన్నాక పడే ఖర్చు ఆ నేలది.

నా సలహా సూటిగా చెప్తాను. మొదటిసారైతే రెండో రకం కొనండి. సోఫా గుడ్డ వెలిసిపోయినా ఫర్వాలేదు, గచ్చకాయ రంగు కర్టెన్లున్నా ఫర్వాలేదు. పోయిన వేసవిలో దాంట్లో పడుకున్నారా అని అడగండి. పడుకుని ఉంటే కారే చోట్లు వాళ్ళకు తెలుసు, చెప్తారు. ముస్తాబు చేసినది కొనాలంటే, ముస్తాబుకు ముందు తీసిన ఫోటోలు అడగండి. కింద చెక్క మార్చిన ఫోటో, కొత్త ఆక్సిల్ రసీదు చూపిస్తే అప్పుడు ఎక్కువ ధరకైనా తీసుకోవచ్చు, ఎందుకంటే కష్టమైన పని వాళ్ళు చేసేశారు. మూడో రకం, మీకు నీడ ఉన్న గ్యారేజీ, వెల్డింగ్ తెలిసిన మనిషి, ఏడాది ఓపిక ఉంటేనే. శని ఆదివారాల్లో పూర్తవుతుందని మొదలుపెట్టి మధ్యలో అమ్ముకున్నవాళ్ళవి నేను రెండు చూశాను.

చూడటానికి వెళ్ళిన రోజు

పాత దుప్పటి, టార్చి, సన్న స్క్రూడ్రైవర్, కొలత టేపు, కారు జాకీ పట్టుకెళ్ళండి. ఇద్దరు వెళ్తే మంచిది.

తలుపు తీయగానే ముక్కుతో చూడండి. తడి చెక్క వాసన దాచలేరు. సువాసన కొవ్వొత్తి వెలిగించి ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడండి. నేల గట్టిదనం నడిచే దారిలో కాదు, మూలల్లో తెలుస్తుంది: సీట్ల కింద, సింకు కింద, తలుపు గడప దగ్గర, అలమర అడుగున. స్కాంపుల్లో నేల చెక్కకు కిందివైపు రెజిన్ పూత ఉంటుంది, పైవైపు ఉండదు. అందుకే కిటికీనుంచి కారిన నీళ్ళు పైనుంచి దిగి, కింద బయటికి పోలేక అక్కడే నిలిచి చెక్కను తినేస్తాయి. కిందనుంచి చూస్తే బాగానే ఉంటుంది, పైన కుళ్ళి ఉంటుంది. రెండు వైపులా చూడాల్సిందే.

తర్వాత దుప్పటి పరిచి కిందికి దూరండి. ట్రైలర్ ముక్కు రెండు ఇనుప దూలాలుగా వెనక్కి వెళ్ళి బండి కిందికి వంగే చోటు ఉంటుంది. పగుళ్ళు వచ్చేది అక్కడే. వెంట్రుకంత సన్నని తుప్పు గీత కనిపించినా అది పగులే అనుకోండి. పాత వెల్డింగ్ మీద ఇనుప పలక వేసి బిగించి ఉంటే భయపడక్కర్లేదు, బాగా వేశారా లేదా చూస్తే చాలు. పైపైన తుప్పు మామూలే. సుత్తితో మెల్లగా కొడితే పొరలు రాలిపడితేనే సమస్య.

ఆక్సిల్ గురించి తెలియక నష్టపోయేవాళ్ళు ఎక్కువ. వీటిలో చాలావాటికి స్ప్రింగులు ఉండవు. ఇనుప గొట్టంలో రబ్బరు కడ్డీలు పెట్టి, అవి మెలి తిరగడంతో కుదుపు ఆపుతారు. 20 ఏళ్ళు దాటితే ఆ రబ్బరు బిగుసుకుపోతుంది, బయటినుంచి ఏమీ తెలియదు. పరీక్ష సులువు. ఫ్రేము కింద జాకీ పెట్టి ఒక వైపు పైకెత్తండి. బతికున్న ఆక్సిల్ అయితే చక్రం అంగుళమో రెండో కిందికి వేలాడుతుంది. బండితో పాటు చక్రం కూడా అలాగే పైకి లేచిందంటే రబ్బరు చచ్చిపోయింది. దానివల్ల లోపల సామానే కాదు, ఫ్రేము, రివెట్లు, కిటికీలు అన్నీ దెబ్బతింటాయి. మా స్కాంప్‌కు ఆక్సిల్ చచ్చిపోయిందని ముందే తెలిసే కొన్నాం, ధరలో తగ్గించుకున్నాం. బ్రేకులతో కొత్తది పెట్టించడానికి మాకు 1,400 డాలర్లు పట్టింది.

పెంకు మీద సాలెగూడులా సన్న పగుళ్ళు జెల్‌కోట్‌వి, బెంగపడకండి. తలుపు మూలల్లో, చక్రాల పైన చేతికి తగిలేంత లోతుగా ఉంటే వేరే సంగతి. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అలాగే గోడ మీద కొట్టుకుంటూ వెళ్ళండి. ఒకచోట మోత మారితే అక్కడ పాత అతుకో, పొర విడిపోవడమో ఉన్నట్టు. పైకప్పు రివెట్లు, కిటికీలు, గాలి మూత, ఈ మూడు చోట్లే ఎక్కువగా కారతాయి. తోట పైపు ఉంటే అడిగి పది నిమిషాలు నీళ్ళు కొట్టండి, ఇంకొకరు లోపల టార్చితో చూడాలి. కిటికీల చుట్టూ తెల్లటి సిలికాన్ దట్టంగా పూసి ఉంటే నాకు నచ్చదు. అది కారడం ఆపదు, పైగా దాన్ని పూర్తిగా గీకి తీసేదాకా దానిమీద ఇంకేదీ అతకదు. సరైన పద్ధతి కిటికీ తీసి బ్యూటైల్ అనే జిగట టేపు వేసి మళ్ళీ బిగించడం.

ఫ్రిజ్, హీటర్, స్టవ్ పనిచేస్తున్నాయి అంటే చేసి చూపించమనండి. గ్యాస్ ఫ్రిజ్ చల్లబడటానికి గంటలు పడుతుంది కాబట్టి మీరు వచ్చే ముందు రాత్రే వేసి ఉంచమని ఫోన్లో చెప్పాలి. గ్యాస్ పైపుల అతుకులకు సబ్బునీళ్ళు పూస్తే బుడగలు లీకు చెప్పేస్తాయి, మన ఇంట్లో సిలిండర్‌కు చేసినట్టే. మీ ఇంట్లో ఆరడుగులవాళ్ళు ఉంటే లోపల నిలబెట్టి, పడక మీద పడుకోబెట్టి చూడండి. అంగుళం తక్కువైతే రాత్రంతా మోకాళ్ళు ముడుచుకోవాల్సిందే.

బండి ఎక్కడ పెరిగిందో కూడా అడగండి. మిన్నెసోటా, మిషిగన్ వైపు చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అక్కడివాటికి ఫ్రేము తుప్పు ఎక్కువ. టెక్సస్, అరిజోనా ఎండలో ఉన్నవాటికి ఫ్రేము బాగుంటుంది కానీ జెల్‌కోట్ సుద్దపొడిలా రాలుతుంది, కిటికీ రబ్బర్లు పెళుసెక్కుతాయి. రెండిట్లో ఒకటి తీసుకోవాలంటే నేను ఎండకు మాడినదే తీసుకుంటాను. జెల్‌కోట్‌ను పాలిష్ చేసుకోవచ్చు, రబ్బర్లు మార్చుకోవచ్చు.

కాగితాలు: టైటిల్ (బండి ఎవరిదో చెప్పే పత్రం) మీద పేరు అమ్మే మనిషిదే ఉండాలి, దానిమీది నంబరు ఫ్రేము మీది నంబరుతో కలవాలి. కొన్ని రాష్ట్రాల్లో చిన్న ట్రైలర్లకు టైటిల్ ఇవ్వరు, అమ్మకం చీటీ మాత్రమే ఉంటుంది. అలాంటిది వేరే రాష్ట్రం నుంచి తెచ్చుకునే ముందు మీ కౌంటీ ఆఫీసులో రిజిస్ట్రేషన్‌కు ఏం కావాలో కనుక్కోండి. బండి చూడకుండా అడ్వాన్సు పంపమంటే ఎంత మంచి ఫోటోలున్నా వదిలేయండి.

ధర మాట్లాడేటప్పుడు బండి బాగోలేదని అనొద్దు. చాలామందికి అది వాళ్ళ పిల్లలు పెరిగిన బండి. ఆక్సిల్‌కు ఇంత, టైర్లకు ఇంత, నేల మూలకు ఇంత అని కాగితం మీద రాసి చూపించండి. మాకు అమ్మిన పెద్దాయన ఆ కాగితం చూసి, కళ్ళద్దాలు సర్దుకుని, ఒక్క మాట మాట్లాడకుండా 1,500 డాలర్లు తగ్గించారు. కొన్నాక కూర్చోబెట్టి ఏ కిటికీ ఎప్పుడు కారిందో గంటసేపు చెప్పారు.

టైర్లు పట్టు బాగానే ఉన్నట్టు కనిపించినా టైరు పక్క గోడ మీద డీఓటీ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చదవండి. 2317 అంటే 2017లో 23వ వారం చేసినది. ఆరేళ్ళు దాటితే వాటి మీద ఇంటికి తేవద్దు. కొత్తవి కొని అక్కడికే పట్టుకెళ్ళి మార్చుకోండి, మేం అలాగే చేశాం. బేరింగులకు గ్రీజు ఎప్పుడు పెట్టారో అమ్మేవాళ్ళకు గుర్తులేకపోతే, పెట్టలేదనే అనుకోండి. బయల్దేరాక మొదటి 20 మైళ్ళకే ఆగండి. చక్రాల నట్లు మళ్ళీ బిగించి, రెండు హబ్‌ల (చక్రాల నడిమి భాగం) దగ్గరికీ అరచేతి వెనక భాగం మెల్లగా తీసుకెళ్ళి చూడండి. గోరువెచ్చగా ఉంటే ముందుకు సాగండి. చేయి ఆనించలేనంత వేడి ఉంటే ఆ రోజు బండి అక్కడే ఆగాలి, మెకానిక్ వచ్చేదాకా.